బయానాకు ముందు ఇంటి పరీక్ష

ఇల్లు కొనే వ్యవహారంలో ధర మాట్లాడుకోవడం ఆఖరి మెట్టు. అంతకన్నా ముందు రెండు సంగతులు తేలాలి: ఇల్లు ఏ స్థితిలో ఉంది, ఏ చోట ఉంది. బయానా ఇవ్వకముందు కనబడిన లోపం ధరను తగ్గిస్తుంది. ఇచ్చాక కనబడిన లోపం కొన్నవారి నెత్తిన పడుతుంది. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి ఉండి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవారు చెప్పి తీరాలి. మామూలు జాగ్రత్తతో కనబడే లోపాలను చెప్పాల్సిన బాధ్యత వారి మీద లేదు. గోడ మీది పగులునూ, వీధికన్నా పల్లంలో ఉన్న గడపనూ చూసుకోవాల్సింది కొనేవారే.

లోపాలు రెండు రకాలు. డబ్బు పెడితే పోయేవి కొన్ని, ఎంత పెట్టినా పోనివి కొన్ని. పాత వైరింగు, కారే కుళాయిలు, ఊడిన పూత, కురిసే స్లాబు మొదటి రకం. ఇంటి కింది నేల, వాన నీటి దారి, భూగర్భజలం గుణం, పక్కనున్న రైలుమార్గం, హక్కుల్లో చిక్కు రెండో రకం. కొత్త రంగు మొదటి రకం లోపాలను కప్పేస్తుంది గానీ రెండో రకాన్ని మార్చలేదు. అందుకే పరీక్ష హాలు నుంచి కాక నేల నుంచి మొదలు కావాలి.

ఈ పరీక్షకు డోన్ మంచి ఉదాహరణ. ద్రోణాచలం అనే పాత పేరున్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి మారి, రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. రైల్వే జంక్షన్, జాతీయ రహదారి, చుట్టూ గనులు, మెట్టనేలలు, తక్కువ వాన, తీవ్రమైన ఎండ: ఇల్లు కొనేవారు చూడాల్సినవన్నీ ఒకే చోట ఎదురవుతాయి. రాయలసీమలో ఎక్కువ భాగానికి ఇక్కడి లెక్కలే వర్తిస్తాయి.

నేల

డోన్ చుట్టుపక్కల నేల ఒక్క తీరుగా ఉండదు. భూవిజ్ఞానులు కడప బేసిన్ అని పిలిచే పురాతన శిలాప్రాంతం పడమటి అంచుకు దగ్గర్లో ఈ పట్టణం ఉంది. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ బేసిన్‌లో అడుగు పొరలు దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివి. ఈ కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ రాసిన వివరమైన గ్రంథాన్ని భారత భూవిజ్ఞాన సర్వే 1872లోనే ప్రచురించింది. పడమటి వైపు గ్రానైటు, నైస్ రాళ్లు ఉంటాయి. తూర్పున బేతంచెర్ల వైపు వెళ్లేకొద్దీ సున్నపురాయి, డోలమైటు, పలకరాళ్లు కనబడతాయి. రాయిని బట్టి దాని మీది మట్టి మారుతుంది. గ్రానైటు శిథిలమై ఎర్రమట్టి, గరుసు అవుతుంది. పల్లపు చోట్ల నల్లరేగడి పేరుకుంటుంది.

ఎర్రమట్టి కింద గట్టి గరుసు తగిలిన చోట మామూలు పునాది చాలు. నల్లరేగడి సంగతి వేరు. దానిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకఖనిజం ఒక నానోమీటరు మందం రేకులు దొంతరగా పేర్చినట్టు ఉంటుంది. వాన పడితే నీరు రేకుల మధ్యకు చేరి వాటిని ఎడంగా నెడుతుంది, మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆ నీరు పోగానే కుంచించుకుని, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఉబ్బేటప్పుడు పైకి తోసే పీడనం చదరపు మీటరుకు 20–30 టన్నుల దాకా పోవచ్చు. ఒక్క అంతస్తు ఇంటి గోడ పునాది మీద మోపే బరువు సాధారణంగా అందులో చిన్న భాగమే. నల్లరేగడిలో పెద్ద మేడకన్నా చిన్న ఇల్లే ముందుగా పగలడానికి కారణం ఇదే. చిన్న ఇంటికి ఆ తోపును అణచిపెట్టేంత బరువు ఉండదు.

ఇల్లంతా ఒకేసారి లేచి ఒకేసారి దిగితే నష్టం తక్కువ. కానీ అలా జరగదు. గోడల బయటి మట్టి ఎండకు ఆరుతూ, వానకు తడుస్తూ ఉంటుంది. ఇంటి నడుమ గచ్చు కింద ఆవిరి పోయే దారి లేక తేమ నిలిచిపోతుంది. దాంతో గది మధ్యలో నేల ఉబ్బి, అంచులు కుంగుతాయి. గచ్చు బండలు మధ్యలో లేచి, గోడ పక్కన సందు విడితే కింద ఉన్నది నల్లరేగడి అని అనుమానించాలి. గోడకు ఆనుకుని పెద్ద వేప, రావి ఉంటే ఆ మూల మరింత కుంగుతుంది. వేళ్లు మట్టిలోని నీటిని పీల్చి దాన్ని అదనంగా కుంచింపజేస్తాయి.

ఈ నేలకు సరిపడే పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పైలు (నేలలోకి దింపే స్తంభం) అడుగున గుమ్మటంలా వెడల్పు చేసి, రుతువులతో పాటు ఉబ్బి కుంగే పై పొరను దాటి, సుమారు మూడున్నర మీటర్ల లోతులో దాన్ని నాటుతారు. ఐఎస్ 2911 మూడో భాగం దీని పద్ధతిని నిర్దేశిస్తుంది. నల్లరేగడిలో ఉన్న ఇంటికి ఎలాంటి పునాది వేశారో కట్టిన మేస్త్రీనో, ప్లాను గీసిన ఇంజినీరునో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

మట్టి ఉబ్బే గుణాన్ని కొలిచే పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ. పొడిచేసి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలగొట్టాల్లో పోసి, ఒకదాన్ని నీటితో, మరోదాన్ని కిరోసిన్‌తో నింపి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. ఈ రెండు ఘనపరిమాణాల తేడాను కిరోసిన్‌లోని పరిమాణంతో భాగించి శాతంలో చెబితే అదే ఉబ్బు సూచిక. 50 శాతం లోపుంటే భయం తక్కువ. 100 దాటితే పునాది సంగతి తేలేదాకా ధర మాట్లాడకూడదు.

సున్నపురాయి నేలకు మరో గుణం ఉంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాన నీరు సున్నపురాయిని వేల ఏళ్లుగా కరిగిస్తూ లోపల డొల్లలు చేస్తుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున ఇలాగే ఏర్పడ్డాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలూ అలాంటివే. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో నేల ఉన్నట్టుండి బావుల్లా కుంగింది. సున్నపురాయి ఉన్న చోటల్లా ఇలా జరగదు. అయితే సున్నపురాయి ప్రాంతంలో ఇంటి పక్క నేల గుండ్రంగా కుంగుతున్నా, బోరు వేసినప్పుడు రాడ్డు ఉన్నట్టుండి ఖాళీలోకి జారిందని ఇరుగుపొరుగు చెప్పినా నిపుణుణ్ని పిలిపించాల్సిందే.

అన్నిటికన్నా అపాయకరమైనది పూడ్చిన నేల. కుంటలు, పాత బావులు, రాయి తీసిన గుంతలు మట్టితోనూ చెత్తతోనూ పూడ్చి ప్లాట్లు చేసిన చోట పూడిక ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. సగం ఇల్లు గట్టి నేల మీద, సగం పూడిక మీద ఉంటే ఆ గీత వెంటే గోడ చీలుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తీసి చూస్తే చాలా పూడికలు బయటపడతాయి. మిగిలినవి ఆ వీధి పెద్దలకు తెలుసు.

నీటి దారి

కర్నూలు ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 670 మిల్లీమీటర్ల వానే పడుతుంది. వాన తక్కువ కాబట్టి వరద భయం లేదనుకుంటే పొరపాటు. ఆ కొద్దిపాటి వానా కొన్ని రోజుల్లోనే, కొన్ని గంటల్లోనే కుమ్మరిస్తుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచాయి. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. రెండూ కరవు సీమగా పేరుపడిన జిల్లాల్లోనే జరిగాయి.

నదికి దూరంగా ఉన్న డోన్ లాంటి చోట చూడాల్సింది వంకలను. ఎండాకాలంలో వంక ఇసుకబాటలా కనబడుతుంది, కొన్నిచోట్ల వీధిగానే వాడుకలో ఉంటుంది. దాని అసలు గీత సర్వే శాఖవారి ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటంలో ఉంటుంది. భూమి రికార్డుల్లో వంక పోరంబోకు అని నమోదై ఉంటుంది. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు చెరువులకూ వాగులకూ ఇల్లు ఎంత దూరం ఉండాలో అంకెల్లో చెప్పాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ అయితే 9 మీటర్లు, అంతకన్నా సన్నని వాటికి 2 మీటర్లు. ఈ హద్దు లోపల కట్టిన ఇంటికి నీటి భయం ఒకటైతే, కూల్చివేత భయం మరొకటి.

ఇంటి దగ్గర చూడాల్సినవి ఇంకా తేలిక. సిమెంటు రోడ్డు మీద మళ్లీ మళ్లీ రోడ్డు వేయడం వల్ల పాత ఇళ్ల గడపలు వీధికన్నా కిందికి పోతాయి. అలాంటి ఇంట్లోకి వీధి నీరంతా వస్తుంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీరు దిగుతుంది. అదెటు పోతుందో, ఏ కాలువలో కలుస్తుందో, ఆ కాలువ ఎక్కడ ముగుస్తుందో నడిచి చూడాలి. బయటి గోడ కింది భాగాన, కరెంటు స్తంభాల మీద, పక్కింటి ప్రహరీ మీద అడ్డంగా నిలిచిపోయిన మట్టి చార ఏ వరద ఎంత ఎత్తు వచ్చిందో చెబుతుంది. అమ్మే ఇంటి గోడకు రంగు వేసినా పక్కింటి గోడకు వేయరు.

గోడలూ పగుళ్లూ

పగులు లేని ఇల్లు ఉండదు. పగులు ఎంత వెడల్పు, ఎటు వాలింది, ఇంకా కదులుతోందా అన్నవే ప్రశ్నలు. పూత మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకోవడం వల్ల వచ్చినవి. వాటితో ప్రమాదం లేదు. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే గీత, రెండు పదార్థాలు వేర్వేరుగా కదలడం వల్ల వచ్చేది. స్లాబు కింద గోడ పైభాగాన అడ్డంగా పోయే గీత ఎండ వేసిన గుర్తు. కాంక్రీటు ప్రతి డిగ్రీ వేడికీ తన పొడవులో పది లక్షల వంతుల్లో పది వంతులు పెరుగుతుంది. పది మీటర్ల స్లాబు పగటికీ తెల్లవారుజాముకూ మధ్య 30 డిగ్రీల తేడాకు గురైతే 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. కింది గోడ అంతగా వేడెక్కదు కాబట్టి రెండూ కలిసే చోట చీలుతుంది.

భయపడాల్సింది కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా, ఇటుక వరుసల వెంట మెట్లు మెట్లుగా పోయే పగులుకు. పునాది ఒక వైపు ఎక్కువ కుంగిందని దానర్థం. అలాంటి పగులు ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటుంది. వెడల్పు చూస్తే ఏ వైపు కదిలిందో తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు లోపుంటే పూతతో సరిపోతుంది. 5 మిల్లీమీటర్ల దాకా చిన్న మరమ్మతు చాలు. 5 నుంచి 15 మధ్య ఉంటే తలుపులు పట్టేస్తాయి, గోడ కొంత విప్పి కట్టాలి. 15 దాటితే గోడలను చాలామేర విప్పి కట్టాలి. 25 దాటితే ఇల్లు నిలబడే సత్తువ మీదే అనుమానం. ఈ కొలతలు బ్రిటన్ భవన పరిశోధకులు రూపొందించినవి. ఇంజినీర్లు ఇక్కడా వాడుతున్నారు.

పగులు ఆగిందా, సాగుతోందా అన్నది ఒక్క చూపుతో తేలదు. పగులుకు అడ్డంగా సన్నని గాజుపలకను సిమెంటుతో అతికించి తేదీ రాసి పెడితే, కదలిక ఉన్నప్పుడు గాజు విరుగుతుంది. నల్లరేగడి ఇంటికి ఒక్క రుతువు సాక్ష్యం చాలదు. ఎండాకాలంలో తెరుచుకున్న పగులు శ్రావణంలో మూసుకుంటుంది కాబట్టి వీలైతే ఇంటిని రెండు కాలాల్లోనూ చూడాలి. అంత వ్యవధి లేకపోతే గోడ నిలువును తూకం గుండుతో, గచ్చు మట్టాన్ని నీటి గొట్టంతో మేస్త్రీ చేత చూపించుకోవచ్చు. తలుపు పైభాగాన చిత్రిక పట్టిన గుర్తులు, మూడు మూలల్లోనే అతికే కిటికీ చట్రం కూడా కదలికను పట్టిస్తాయి.

పైకప్పు: మిద్దె, బండలు, స్లాబు

రాయలసీమ పాత ఇళ్లలో మట్టి మిద్దె ఒక శాస్త్రం. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు లేదా బండలు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడిసినప్పుడు సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది. విడిపోయిన సన్నని రేణువులు మట్టిలోని రంధ్రాలను మూసేస్తాయి. పంటకు శత్రువైన ఈ గుణమే మిద్దెకు నీరు దిగకుండా కాస్తుంది. అందుకే వానలకు ముందు మిద్దె మీద చౌడు పరిచే ఆనవాయితీ వచ్చింది.

అయితే ఏటా పరిచిన చౌడు బరువుగా మిగిలిపోతుంది. 15 సెంటీమీటర్ల మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. పదడుగుల చదరపు గది మీద అది రెండు టన్నుల పైమాటే. మందం రెట్టింపైతే బరువూ రెట్టింపు, తడిస్తే ఇంకా ఎక్కువ. పాత మట్టి మిద్దెలు రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కూలడానికి కారణం ఈ బరువూ, లోపల చెద తిన్న దూలాలూ. దూలం గోడలోకి దూరిన చోట చెమ్మ చేరి ముందుగా పుచ్చుతుంది. అక్కడ సుత్తితో తడితే గట్టి కట్టె ఖణేల్మంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. మిద్దె అంచున మందం కొలిచి, దూలాల మధ్య దూరం, వంపు చూసుకోవాలి.

బేతంచెర్ల, కడప నాపబండలు గచ్చుకూ గోడకూ పైకప్పుకూ వాడతారు. నొక్కిడికి తట్టుకునే సత్తువ రాయికి ఎక్కువ; లాగుడుకు అందులో పదో వంతు కూడా ఉండదు. రెండు దూలాల మీద ఆనిన బండ బరువుకు వంగినప్పుడు దాని అడుగు భాగం లాగుడుకు లోనవుతుంది. రాయి ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. కప్పు బండ అడుగున నడిమధ్య అడ్డంగా వెంట్రుకంత గీత కనబడినా దాన్ని మార్చాల్సిందే.

ఆర్సీసీ స్లాబుకు అసలు శత్రువు తుప్పు. కొత్త కాంక్రీటు గాఢమైన క్షారం, పీహెచ్ 12.5 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చొచ్చుకుపోయి క్షారాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 9 కన్నా దిగితే రక్షణ పోతుంది, తేమ తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి స్లాబు అడుగున పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడతాయి. కట్టేటప్పుడు లవణాలు ఎక్కువున్న బోరు నీటిని వాడితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. క్లోరైడు ఉప్పు క్షారంతో పని లేకుండానే ఆ రక్షణ పొరను చీలుస్తుంది.

క్షారం ఎంత లోతు దాకా పోయిందో తెలుసుకోవడానికి కాంక్రీటును కొద్దిగా చెక్కి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. రంగు రాని పొర కడ్డీ దాకా చేరిందంటే స్లాబు ఆయుష్షు తగ్గినట్టే. పెద్ద మొత్తం పెట్టి కొనే మేడకు ఇంజినీరు చేత శబ్దతరంగ పరీక్ష చేయించవచ్చు. కాంక్రీటు గుండా తరంగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటి పోతే అద్భుతం, 3.5 నుంచి 4.5 వరకు మంచిది, 3 నుంచి 3.5 వరకు మధ్యస్థం, 3 లోపైతే అనుమానం. 1992 నాటి ఐఎస్ 13311 ఇచ్చిన కొలత ఇది.

చెమ్మ, చెద, కరెంటు

గోడ కింది భాగాన తెల్లగా పొడి పేలితే దాన్ని చౌడు పట్టడం అంటారు. నేలలోని నీరు ఇటుక, రాతి సందుల సన్నని రంధ్రాల గుండా పైకెక్కి, పైకి వచ్చాక ఆవిరై, తనతో తెచ్చిన లవణాన్ని అక్కడే వదులుతుంది. ఆ లవణం స్ఫటికంగా పెరిగి పూతను తోసేస్తుంది. పునాదిలో తేమ నిరోధక పొర వేయకపోవడం దీనికి మూలం. రంగు వేస్తే ఆరు నెలలు దాగుతుంది, పోదు. పైనుంచి దిగే చెమ్మ మరకలు గోధుమ రంగు అంచులతో ఉంటాయి. స్నానాలగది వెనక గోడ, ట్యాంకు కింది స్లాబు, పిట్టగోడ అడుగు, ఈ మూడు చోట్ల ముందు చూడాలి. చెదపురుగుల ఆనవాలు గోడ మీద పెన్సిలంత మందాన మట్టి గొట్టాలు.

మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు ఉందా, మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కు కలిపారా అన్నది కరెంటు మేస్త్రీ అయిదు నిమిషాల్లో చెప్పగలడు. రాతి నేలలో, ఎండిపోయిన మట్టిలో విద్యుత్తు భూమిలోకి సులువుగా పోదు. అందువల్ల డోన్ లాంటి చోట ఎర్త్ గుంత లోతుగా ఉండాలి, ఎండాకాలంలో దానికి నీళ్లు పోసే ఏర్పాటు ఉండాలి.

తాగే నీరు

మున్సిపల్ కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో పక్కింట్లో అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. బోరును వేసవిలో పరీక్షించాలి. గ్రానైటు నేలలో నీరు పగుళ్లలోనే ఉంటుంది కాబట్టి పక్కింటి బోరు నిండుగా ఉండి, ఈ ఇంటి బోరు ఎండడం వింత కాదు. మోటారు గంటసేపు ఆపకుండా ఆడించి, ధార తగ్గుతుందో లేదో చూడటం సులువైన పరీక్ష.

ఇక గుణం. గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 2,000. కాఠిన్యం 200, గరిష్ఠంగా 600. నైట్రేటు 45 దాటకూడదు. ఫ్లోరైడును కాచి పోగొట్టలేం. నీరు ఇగిరేకొద్దీ గాఢత పెరుగుతుంది. నైట్రేటు ఎక్కువుంటే మరుగుదొడ్డి నీరు బోరులో కలుస్తోందని అనుమానించాలి. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ప్రమాణం. రెండు మూడు సెంట్ల స్థలాల్లో కట్టిన ఇళ్ల వరుసలో ఈ దూరం దొరకడం కష్టం. పక్కింటి గుంత కూడా లెక్కలోకి వస్తుంది. నీటిని ప్రయోగశాలలో పరీక్షించడానికి అయ్యే ఖర్చు ఇంటి ధర ముందు లెక్కలోకి రాదు.

చుట్టుపక్కల

డోన్ సికింద్రాబాద్, గుంతకల్లు, నంద్యాల వైపు మార్గాలు కలిసే జంక్షన్. భవన నిర్మాణ నియమాల ప్రకారం రైల్వే హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, లేదా రైల్వే అనుమతి ఉండాలి. పాత ఇంటిని కూల్చి కొత్తది కట్టాలనుకునేవారికి ఈ నియమం కీలకం. రాత్రి గూడ్సు బళ్ల మోత పగలు ఇల్లు చూసినవారికి తెలియదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు పెట్టాయి. రాత్రి పదకొండు గంటలప్పుడు ఆ వీధిలో ఒకసారి నిలబడితే చాలు. హైదరాబాదు, బెంగళూరులను కలిపే 44వ జాతీయ రహదారికి దగ్గరి ఇంటికీ ఇదే పరీక్ష.

సున్నపురాయి, బలపపు రాయి గనులు, క్రషర్లు ఉన్న ప్రాంతంలో పేలుళ్ల కంపనం మరో లెక్క. గని యాజమాన్యానికి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం, కంపనపు పౌనఃపున్యాన్ని బట్టి సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో హద్దులు పెట్టింది. నెమ్మదిగా ఊగే కంపనానికే కింది హద్దు, ఎందుకంటే ఇళ్లు సహజంగా ఊగే లయకు అది దగ్గర. పేలుడు వేళలు తెలుసుకుని ఆ సమయంలో ఇంట్లో ఉండి చూడటం ఉత్తమం.

ఎండ కూడా చోటును బట్టే. డోన్ ఉత్తర అక్షాంశం సుమారు 15.4 డిగ్రీలు. మే మొదటి రోజుల్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అంటే వేసవిలో వేడి ఎక్కువగా తాకేది గోడలకు కాదు, పైకప్పుకు. తర్వాత సాయంత్రపు ఏటవాలు ఎండ తాకే పడమటి గోడకు. పడక గది పడమట, పై అంతస్తులో ఉంటే అది రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటుంది. కప్పుకు తెల్లని పూత, పడమట చెట్టో వరండానో వేసి దీన్ని తగ్గించవచ్చు. ఇది సరిదిద్దగల లోపం.

కాగితాలు

గోడలు బాగున్నా హక్కు బాగులేకపోతే ఇల్లు కొన్నట్టు కాదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తీయించాలి. లింకు దస్తావేజుల్లో హద్దులు, కొలతలు ప్రస్తుత ఇంటితో సరిపోవాలి. రాయలసీమలో ప్రత్యేకంగా చూడాల్సింది డీకేటీ పట్టా భూములు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఈ అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం కట్టడి చేసింది. తర్వాత సవరణలు వచ్చినా, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా ముందుకు పోకూడదు. చుక్కల భూములకూ (పాత రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలున్న వాటికీ) ఇదే మాట. లేఅవుట్ అనుమతి, మున్సిపల్ ప్లాను, కట్టిన అంతస్తుల సంఖ్య ఒకదానితో ఒకటి సరిపోవాలి. ప్లానులో రెండంతస్తులుండి కట్టింది మూడైతే మూడో అంతస్తుకు ధర కట్టకూడదు. దాని బరువుకు తగ్గట్టు పునాది వేశారా అన్నదీ అనుమానమే.

ధర కట్టడం

పరీక్ష ముగిశాక లోపాలను మూడు జాబితాలుగా రాయాలి. మొదటిది మరమ్మతులు: వీటికి మేస్త్రీ చేత అంచనా వేయించి, మొత్తాన్ని అడిగిన ధర నుంచి తీసేయాలి. రెండోది మార్పిడి పనులు: స్లాబు, వైరింగు, పునాది బలపరచడం. వీటి అంచనాలు పని మొదలయ్యాక పెరుగుతాయి కాబట్టి పావు వంతు అదనంగా కలుపుకోవడం మేలు. మూడోది మార్చలేనివి: వంకలో ఉన్న స్థలం, పూడిక నేల, 22ఏ జాబితాలోని సర్వే నంబరు, ఫ్లోరైడు నీరు తప్ప మరో దిక్కు లేని చోటు. వీటికి తగ్గింపు లెక్క లేదు.

వీటికి రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా కలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, కలిపి 7.5 శాతం. నలభై లక్షల విలువకు అది మూడు లక్షలు. బయానా రసీదులో ఇంజినీరు నివేదిక, నీటి పరీక్ష, కాగితాల పరిశీలన సరిగా రాకపోతే సొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

మొదటి రెండు జాబితాల్లో ఎన్ని లోపాలున్నా, ధర తగ్గితే ఆ ఇల్లు కొనదగ్గదే. మూడో జాబితాలో ఒక్కటున్నా, ఎంత చౌకగా వచ్చినా ఆ ఇంటిని వదిలేయాలి.